ట్రైలర్ కట్టుకుని మూస్‌ల దీవికి: న్యూఫౌండ్‌లాండ్‌లో ఏడు రోజులు

ఇంటికొచ్చి మూడు రోజులైంది. కారు వెనక కట్టి లాగే మా చక్రాల ఇల్లు, ట్రైలర్, ఇంకా వాకిట్లోనే ఉంది, లోపల తోమాల్సిన గిన్నెలు కూడా ఉన్నాయి. మరపున పడకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మేముండేది కెనడాలో, హాలిఫాక్స్‌లో. సముద్రం అవతలి న్యూఫౌండ్‌లాండ్ దీవికి వెళ్తున్నామని ఎవరితో అన్నా మొదట వచ్చిన మాట ఒకటే: "చీకటి పడ్డాక బండి తీయొద్దు, మూస్‌లుంటాయి." దుప్పి జాతి మొత్తంలో మూసే పెద్దది. భుజం దగ్గరే ఆరడుగుల ఎత్తు, మగది నాలుగైదు వందల కిలోలు. కారు వెళ్లి గుద్దితే బంపర్ తగిలేది దాని పొడుగు కాళ్లకి. ఆ పైనున్న బరువంతా నేరుగా ముందద్దం మీదికి, టాపు మీదికి వచ్చి పడుతుంది. ఏటా ఆ దీవిలో ఇలాంటి ప్రమాదాలు వందల్లో జరుగుతాయి. మా కారు వెనకేమో పద్దెనిమిది అడుగుల ట్రైలర్. నీళ్లూ సామానూ నింపాక 1,800 కిలోలు తూగింది. వట్టి కారు ఆగినంత దూరంలో మేం ఆగలేం. వట్టి కారులా పక్కకి తప్పించనూ లేం, ఎందుకంటే స్టీరింగ్ చటుక్కున తిప్పితే వెనకున్నది ఊగి, తోసి, మొత్తం బండినే పడేస్తుంది.

నా పక్కన కూర్చున్నది మా నాన్న. మార్కాపురం డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ డ్రైవరుగా చేశారు, అందులో సగం దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డే. ఇప్పుడంటే దోర్నాల, మన్ననూరు చెక్‌పోస్టుల దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తున్నారు, పులుల అడవి కాబట్టి. నాన్న తొలిరోజుల్లో ఆ రోడ్డున రాత్రి బస్సులు తిరిగేవి. కణితి ఎలా దూకుతుందో, మలుపులో దుప్పులు ఎలా నిలబడి ఉంటాయో ఆయనకు తెలుసు. మే నెలలో మా దగ్గరికి వచ్చాక రెండు ఆదివారాలు నన్ను ఖాళీ పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లి ఒకటే పని చేయించారు. ట్రైలర్‌తో నలభైలో పోవాలి, ఆయన చెయ్యెత్తగానే చక్రం అంగుళం కూడా తిప్పకుండా గట్టిగా బ్రేకు తొక్కి ఆపాలి. మళ్లీ, మళ్లీ. డ్యాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకులకు ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. అది తక్కువ పెడితే ట్రైలర్ కారును తోస్తుంది, ఎక్కువ పెడితే ట్రైలర్ చక్రాలు బిగుసుకుని ఈడుస్తాయి. ఆ రెంటికీ మధ్య సరైన చోటు దొరకడానికి ఒక పూట పట్టింది.

జూన్ 29: సముద్రం దాటి, పదిహేను కిలోమీటర్లే

మా వైపు ఒడ్డున ఉన్న నార్త్ సిడ్నీ రేవులో పెద్ద ఓడ ఎక్కాం. టికెట్టు బండి పొడుగును బట్టి, మాది 37 అడుగులు. ట్రైలర్ గ్యాస్ సిలిండర్ కట్టేయించి, చూసి, స్టిక్కరు అంటించారు. కింద కార్లలో కూర్చోనివ్వరు, అందరూ పైకెళ్లాల్సిందే. గాలి వల్ల ఓడ ఆలస్యంగా కదిలింది. ఏడు గంటల ప్రయాణం. పైన ఒక లారీ డ్రైవరు మా పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు, ముప్పై ఏళ్లుగా కూరగాయలు మోస్తున్నాడట. ట్రైలర్ సంగతి విని, "రాత్రి అంటే పన్నెండు అనుకోకండి. సూర్యుడు కొండ మీద కూర్చున్నప్పుడే రాత్రి మొదలైనట్టు" అన్నాడు. ఆ మాట నాన్నకు తర్జుమా చేసి చెబితే తలూపి ఆయనకు చెయ్యి కలిపారు.

దీవి రేవు పోర్ట్ ఓ బాస్క్‌లో దిగేసరికి రాత్రి ఎనిమిది నలభై. ఓడ నోరు తెరవగానే కార్లు, లారీలు, ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి కొండ రోడ్డెక్కేస్తున్నాయి. ఎర్ర లైట్ల గొలుసు. మా ఆయన ఫోన్ చూసి కార్నర్ బ్రూక్ ఊరికి రెండున్నర గంటలే అన్నారు. నాకూ ఆ గొలుసులో కలిసిపోతే ధైర్యంగానే ఉంటుందనిపించింది, ముందువాళ్లు దారి చూపిస్తారుగా అని.

"అందరూ పోతా ఉండారని మనమూ పోవాలా అమ్మా?" అన్నారు నాన్న. అంతే. ఊరు దాటి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న జె.టి. చీజ్‌మన్ పార్కు దాకా యాభైలో వెళ్లి ఆగిపోయాం.

పులిహోర కట్టుకొచ్చాను, పెరుగన్నం కూడా. ఈగలు, చిన్న నల్ల దోమల వంటివి, ముద్ద నోట్లో పెట్టనివ్వకపోతే లోపలే తిన్నాం. న్యూఫౌండ్‌లాండ్ గడియారం పక్కవాళ్ల కంటే అరగంట ముందుంటుంది. మన దేశపు సమయంలోనూ ఒక అరగంట ఉంది కదా, ఆ రెండు అరగంటలూ కలిసిపోయి వేసవిలో తేడా సరిగ్గా ఎనిమిది గంటలు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే అమ్మ అప్పుడే లేచి వాకిలి ఊడుస్తోంది. "మీ నాన్నని ముందు సీట్లోనే కూర్చోబెట్టు" అంది. అది ఆమె చెప్పక్కర్లేదు.

జూన్ 30: గాలి, బెల్లం పాకం, ఒక తప్పు మలుపు

పొద్దున నేను లేచేసరికి నాన్న బండి చుట్టూ తిరుగుతున్నారు. డిపోలో బస్సు తీసేముందు తిరిగినట్టే, టైరు టైరుకీ చేత్తో తట్టి, గొలుసులు లాగి చూస్తూ. ఇంజన్ వేసి చూస్తే కంట్రోలర్‌లో ట్రైలర్ తగిలించినట్టు చూపించే చుక్క వెలగలేదు. అంటే ట్రైలర్‌కు బ్రేకుల్లేవు. కారుకీ ట్రైలర్‌కీ మధ్య ఏడు పిన్నుల ప్లగ్ ఉంటుంది. ఊడదీసి చూస్తే ఒక పిన్ను మీద రాగి పాత్రకు పట్టే చిలుము లాంటి పచ్చటి పొర. మాది పాత ట్రైలరు, ఆ ప్లగ్గూ పాతదే, దానికి తోడు ఓడలో రోజంతా ఉప్పు గాలి. నా గోళ్ల ఆకురాయి తీసుకుని నాన్న ఇరవై నిమిషాలు ఆ పిన్ను గీకారు. పసుపు రంగు ఇత్తడి బయటపడి చుక్క వెలిగాకే టీ తాగారు. ఆ సాయంత్రం సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ ఇరవై నిమిషాలే కళ్లముందుంటాయి.

కాసేపటికి రెక్‌హౌస్ వచ్చింది. పక్కనున్న టేబుల్ కొండల మీది నుంచి గాలి ఇక్కడ ఎంత ఉధృతంగా దిగుతుందంటే, ఒకప్పుడు రైలు పెట్టెల్ని పట్టాల మీంచి పడేసేది. దగ్గర్లోనే కాపురమున్న లాచీ మెక్‌డూగల్ అనే ఆయన గాలి తీరు పసిగట్టి, ఇవాళ రైలు ఆపండి అని చెప్పేవాడు. రైల్వే వాళ్లు నెలకు 20 డాలర్లిచ్చి ఆ పనికి పెట్టుకున్నారు. రైలు పోయింది, గాలి అలాగే ఉంది. ట్రైలర్ లాగేవాళ్లకు ఇది మూస్ తర్వాత రెండో భయం. మేం వెళ్లినప్పుడు గడ్డి కూడా కదల్లేదు.

హైవే మీద ఎనభై దాటలేదు. ఎనభైలో సెకనుకు 22 మీటర్లు పోతాం, వందలో 28. మనకు విషయం తెలిసి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ సెకను అయిపోతుంది. వెనక నాలుగు కార్లు చేరగానే వెడల్పు చోటు చూసి పక్కకు తీసి పోనిచ్చేదాన్ని. ప్రతివాళ్లూ చెయ్యి ఊపి వెళ్లారు, హారన్ కొట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

చూపులు పంచుకున్నాం. కుడి పక్క నాన్నది, ఎడమ పక్క వెనక సీట్లో ఉన్న మా ఆయనది. రోడ్డు పక్క నీటి గుంటలు కనిపిస్తే చెప్పడం మా పదేళ్ల చిన్నోడి పని. మూస్‌లు రోడ్డుకు రావడానికి కారణాలున్నాయి. చలికాలంలో మంచు కరగడానికి చల్లిన ఉప్పు ఆ గుంటల్లోకి దిగి ఉంటుంది, వాటికి ఉప్పంటే ప్రాణం. రోడ్డు పక్క పొదలు కొట్టేసిన చోట లేత చిగుళ్లు వస్తాయి. అడవిలో ఈగలు పీడిస్తుంటే రోడ్డు మీద గాలి తగులుతుంది. పైగా ఈ నెలల్లో కొత్త దూడను ఈనిన తల్లి నిరుటి దూడను తరిమేస్తుంది. ఆ ఏడాది వయసు పిల్ల ఎటు పోవాలో తెలియక రోడ్ల మీద పడుతుంది. జింక కళ్లు మెరిసినట్టు మెరుస్తాయని ఎదురుచూస్తే మోసపోతాం. హెడ్‌లైటు వెలుగు దాని కాళ్ల దగ్గరే ఆగిపోతుంది, తల అంతకు పైన చీకట్లో ఉంటుంది. ఒళ్లు కాలిన మొద్దు రంగు. "నాలుగు మొద్దులు దగ్గర దగ్గరగా నిలబడి ఉంటే చెప్పు" అన్నారు నాన్న మనవడితో. బరచోయిస్ పాండ్ పార్కు దగ్గర మాత్రం రోడ్డుకు ఇరుపక్కలా ఎత్తు కంచె వేశారు. అక్కడ కాసేపు భుజాలు దించుకుని నడిపాను.

కార్నర్ బ్రూక్‌లో ఒక చిన్న హోటల్లో టౌటన్లు తిన్నాం. రొట్టె పిండిని చేత్తో వత్తి పెనం మీద నూనెలో వేయించి, మీద మొలాసిస్ పోసిస్తారు. వేడివేడిగా, లోపల మెత్తగా. నాన్న మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఆగారు. "ఇది బెల్లం పాకమే కదమ్మా, కొంచెం ముదిరింది, అంతే." నాలుగు తిన్నారు. ప్లేటు 9 డాలర్లు. వడ్డించిన పెద్దావిడ నాన్నను "మై లవ్" అని పిలిచింది, మా ఆయన్ని "మై డియర్", చిన్నోణ్ణి "మై డక్". అక్కడ అందరూ అందరినీ అలాగే పిలుస్తారు. మన ఊళ్లో కొత్తవాళ్లను అయ్యా, అమ్మా, నాయనా అనడం లేదూ, అలాంటిదే. లేచేటప్పుడు నాన్న ఆవిడకు రెండు చేతులూ జోడించారు. ఆవిడ కూడా చేతిలో గుడ్డ కింద పెట్టి జోడించింది.

డీర్ లేక్‌లో సరుకులు, పెట్రోలు, కాఫీ అంటూ పొద్దు గడిపేశాం. అదొక పొరపాటు. విల్టన్‌డేల్ దగ్గర 430 నంబరు రోడ్డులో వెళ్లాల్సింది 431లోకి తిప్పాను. అది రెండో పొరపాటు. అరగంట వెళ్లాక గ్లెన్‌బర్నీలో సముద్రపు పాయ ఉండాల్సిన వైపు కాకుండా మరో వైపు కనిపించింది. ట్రైలర్‌తో ఎక్కడపడితే అక్కడ వెనక్కి తిప్పలేం. ఒక చిన్న చర్చి పక్కన మట్టి స్థలంలో, మా ఆయన వెనక నిలబడి చెయ్యి చూపిస్తుంటే, మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి తిప్పాను. చక్రాలకు ఎర్రమట్టి పట్టింది. అదే రోడ్డు మీద లోమండ్‌లో క్యాంపు స్థలం ఉంది, ఆ రాత్రికి అక్కడ ఆగిపోవాల్సింది. రాకీ హార్బర్‌లో క్యాంపు చోటుకు డబ్బు కట్టేశామన్న లెక్క నన్ను ఆగనివ్వలేదు. 38 డాలర్లు. ఆ 38 డాలర్ల కోసం నలుగురి ప్రాణాలు పట్టుకుని సూర్యుడు దిగాక అడవి రోడ్డెక్కాను. ఇది రాయడానికే నాకు కష్టంగా ఉంది.

విల్టన్‌డేల్ దాటి 430 ఎక్కేసరికి తొమ్మిదిన్నర అయింది. ఇంకా నలభై కిలోమీటర్లు. ఆకాశంలో వెలుతురుంది కానీ చెట్ల కింద లేదు. అరవైలో వెళ్తున్నాను. కొండ దిగుతున్నాం. నాన్న "ఎడమ... ఆపు!" అన్నారు. ఆయన పక్క కుడి, చూసింది ఎడమ.

కాలు వెళ్లిపోయింది. చేతులు మాత్రం కుడికి తిప్పాలని కొట్టుకున్నాయి, ఎముకల్లోంచి వచ్చిన కోరిక అది. తిప్పలేదు. పార్కింగ్ స్థలంలో నలభైసార్లు తిప్పనిది అప్పుడూ తిప్పలేదు. ట్రైలర్ బ్రేకులు పట్టడం సీటు కింద తెలిసింది. వెనక నుంచి ఎవరో గట్టిగా పట్టి లాగినట్టు. లోపల గిన్నెలన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చిపడ్డ చప్పుడు. ఆగాం. కాలిన బ్రేకుల వాసన వచ్చింది.

రెండు కార్ల పొడుగంత దూరంలో, రోడ్డుకు అడ్డంగా ఆడ మూస్. నేను ముందు చూసింది కాళ్లే, మోకాళ్ల దాకా తడిసి, బురద అంటుకుని. తల చూడ్డానికి ముందద్దంలోంచి పైకి వంగాల్సి వచ్చింది. చెవుల చుట్టూ ఈగల మబ్బు. ఒక చెవి మా వైపు, రెండోది వెనక్కి. నేను హారన్ మీద చెయ్యి వేయబోతే నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. "కొట్టొద్దు. దాని చెవి చూడు, వెనకాల ఇంకోటుంది. లైట్లు తగ్గించు."

హజార్డ్ లైట్లు వేసి హెడ్‌లైట్లు తగ్గించాను. ఆగిన రెండు నిమిషాలకు ఎడమ పక్క కాలవలోంచి దూడ పైకొచ్చింది. ఎర్రమట్టి రంగు, పొట్ట కంటే కాళ్లే ఎక్కువ. రోడ్డు అంచున తారు వాసన చూసి, ముందుకాలు పెట్టి, మళ్లీ తీసేసింది. తల్లి కదల్లేదు, దూడకీ మాకూ మధ్య గోడలా నిలబడింది. ఏడు నిమిషాలు. దూడ దాటాకే తల్లి దాటింది. చెట్లలోకి వెళ్లాక కొమ్మ విరిగిన చప్పుడు కూడా రాలేదు. అంత పెద్ద జంతువు నిశ్శబ్దంగా ఎలా మాయమవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకవేళ నేను దాని తోక దాటగానే ముందుకు పోనిచ్చి ఉంటే, దూడ సరిగ్గా ట్రైలర్ చక్రాల కిందికి వచ్చేది.

వెనక ఒక పికప్ ఆగి ఉంది. అందులోంచి అరవై ఏళ్లాయన దిగి వచ్చి, అందరూ బాగున్నారా అని అడిగాడు. మా ట్రైలర్ కింద వంగి చక్రాలు చూశాడు. మిగిలిన దారంతా తాను ముందు పోతానని, మమ్మల్ని వెనక రమ్మని అన్నాడు. నలభైలో వెళ్లాం. రాకీ హార్బర్‌లో మా క్యాంపు గేటు దాకా వచ్చి, లైట్లు రెండుసార్లు వెలిగించి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆయన ఇల్లు మేం దాటొచ్చిన వైపేనట.

ఆ రాత్రి ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. నాన్న పడుకునేముందు "స్టీరింగు పట్టు బాగుందమ్మా" అన్నారు.

జూలై 1: రాకీ హార్బర్

దేశమంతా కెనడా దినోత్సవం, ఇక్కడ పొద్దున మాత్రం సంతాపం. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇదే రోజున ఫ్రాన్స్‌లోని బోమాన్ హామెల్ దగ్గర దాదాపు 800 మంది న్యూఫౌండ్‌లాండ్ కుర్రాళ్లు ముందుకు నడిస్తే, మర్నాడు హాజరు పలికింది 68 మంది. చొక్కాలకు చిన్న నీలం పూలు గుచ్చుకుని నిలబడ్డారు. మధ్యాహ్నం నుంచి జెండాలు, కేకులు.

గ్రోస్ మోర్న్ జాతీయ పార్కులో మూస్‌ల కథ తెలిసింది. అసలు ఈ దీవిలో మూస్ పుట్టలేదు. 1878లో ఒక జంటను తెచ్చారు, మళ్లీ 1904లో నాలుగింటిని న్యూ బ్రన్స్‌విక్ నుంచి తెచ్చి హౌలీ దగ్గర వదిలారు. తోడేళ్లు అప్పటికే తగ్గిపోతున్నాయి, తర్వాత పూర్తిగా అంతరించాయి. ఇప్పుడు మూస్‌లు లక్షకు పైనే. అడవిలో లేత ఫర్ చెట్ల మొక్కల్ని తలెత్తనివ్వడం లేదు. అందుకే 2011 నుంచి పార్కు లోపల కూడా వేటకు అనుమతిచ్చారు. మూస్ చొరబడకుండా కంచె వేసిన చోట మొక్కలు గుబురుగా పెరిగాయి, కంచె బయట గడ్డే. నిన్న రాత్రి నా మనసులో ఆ తల్లి ఒక్కటే ఉంది. ఈ లెక్కలు విన్నాక కూడా ఆ తల్లి పక్కనే ఉన్నాను.

జూలై 2: ఉత్తరానికి, ట్రైలర్ లేకుండా

చిన్నోడికి లాన్స్ ఓ మెడోస్ చూడాలని ఆశ, వెయ్యేళ్ల క్రితం వైకింగులు ఇళ్లు కట్టుకున్న చోటు. మా క్యాంపు నుంచి పోను మూడు వందల యాభై కిలోమీటర్లకు పైనే. ఒకే రోజులో పోయి రావాలంటే తిరుగు దారి చీకట్లోనే. వద్దనుకున్నాం. వాడు కాసేపు ఏడ్చాడు. నేను మనసు మార్చుకోలేదు. సగం దూరంలో ఉన్న పోర్ట్ ఓ షువా దాకా వెళ్లి మూడింటికల్లా వెనక్కి తిరిగాం.

ఆ రోడ్డు పక్కన ఊళ్లకు దూరంగా, ఎవరి ఇల్లూ లేని చోట, చెక్క కంచెల మధ్య చిన్న చిన్న కూరగాయ మళ్లు. రోడ్డు వేసినప్పుడు తిరగబడ్డ నేల బాగుందని జనం అక్కడ బంగాళాదుంపలు, క్యాబేజీ వేసుకుంటారు. ఇంటినుంచి ఇరవై కిలోమీటర్లు వచ్చి సేద్యం. పక్కనే ఎవరివో కట్టెల మోపులు, మీద పర్మిట్ నంబరు రాసిన చెక్క. కాపలా లేదు, ఎవరూ ముట్టుకోరట.

ఒక మడిలో ఒకావిడ వంగి పని చేస్తుంటే నాన్న కారు ఆపమన్నారు. ఆవిడ బోదెల మీద చిన్న వెండి చేపలు పరుస్తోంది. కేప్లిన్ అంటారు, ఈ రోజుల్లో అలలతో పాటు ఒడ్డుకు గుంపులుగా కొట్టుకొస్తాయి, కొన్ని తింటారు, కొన్ని ఎరువు. నాన్న వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, చేతులతో మాట్లాడారు. కంచె ఎత్తు చూపించి, తలమీద వేళ్లు కొమ్ముల్లా పెట్టి, దాటుతుందా అని. ఆవిడ నవ్వి, కంచె మీద కట్టిన పాత సీడీలు, గాలికి ఊగే రేకు పళ్లేలు చూపించింది, తర్వాత విరిగిన ఒక కమ్మీ కూడా చూపించింది. దాటుతుందన్నమాట. పోయేటప్పుడు నిరుటి విత్తనపు దుంపలు గుడ్డ సంచిలో పోసి ఇచ్చింది, మొలకలు వచ్చినవి. ఒక సీసా రుబార్బ్ అనే పుల్లటి కాడల జామ్ కూడా. డబ్బిస్తే తీసుకోలేదు. హాలిఫాక్స్‌లో మా పెరట్లో నాటుతానని నాన్న ఆ సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు.

జూలై 3: ఎర్రటి కొండ

టేబుల్‌లాండ్స్ మీద నడిచాం. భూమి లోపలి పొర పైకి వచ్చిన చోటు, తుప్పు రంగు బండలు, మొక్కలు బాగా తక్కువ. సాయంత్రం ఆరింటికి ట్రైలర్‌లో ఉప్మా.

జూలై 4: హౌలీ మీదుగా

ఎండ పడకముందే బయల్దేరడం మన అలవాటు. ఇక్కడ అది పనికిరాదు, తెల్లవారుజాము కూడా మూస్‌ల వేళే. ఎనిమిదికి కదిలాం. దారి మళ్లి హౌలీ చూశాం. నీళ్ల పక్కన నిశ్శబ్దమైన చిన్న ఊరు. అక్కడ మూస్ బొమ్మ ముందు చిన్నోడి ఫోటో తీశాం. ఐదింటికి చీజ్‌మన్ పార్కులో ఉన్నాం. దారిలో పగటి వెలుగులో మూడు మూస్‌లు చూశాం, మూడూ రోడ్డుకు దూరంగా నీటి గుంటల్లో. మూడిట్లో రెండు చిన్నోడే ముందు చెప్పాడు.

మొత్తం ప్రయాణంలో పెట్రోలుకు 580 డాలర్లు అయింది. ట్రైలర్‌తో వంద కిలోమీటర్లకు పద్దెనిమిది లీటర్లు పైగా తాగింది, ఎనభైలో నడిపితేనే అంత.

జూలై 5: దుంపల సంచి

ఓడ రేవుకు ముందు బండ్లను ఆపి చూస్తారు. న్యూఫౌండ్‌లాండ్ మట్టిలో బంగాళాదుంపకు వచ్చే తెగుళ్లున్నాయి, అవి దీవి దాటకూడదు. దుంపలు, మట్టి అంటిన మొక్కలు ఏవీ తీసుకెళ్లనివ్వరు. ఈ సంగతి మాకు ముందు తెలియదు. యూనిఫాంలో ఉన్న అమ్మాయి సంచి చూసి, నెమ్మదిగా, మర్యాదగా వివరించింది. నేను తెలుగులో చెప్పాను. నాన్న సంచిలో చెయ్యి పెట్టి ఒక దుంపను తీసి, దాని మొలకను బొటనవేలితో తడిమి, లోపల పెట్టేశారు. "రోగం పాకితే రైతు నాశనమైపోతాడు, ఇచ్చెయ్యి" అన్నారు. ఆ అమ్మాయి దుంపలు డబ్బాలో పోసి, సంచి దులిపి, మడిచి, రెండు చేతుల్తో ఆయనకు తిరిగిచ్చింది. జామ్ ఉంచుకోనిచ్చారు.

తర్వాత బండి కింద నీళ్లు కొట్టారు. గ్లెన్‌బర్నీ చర్చి దగ్గరి ఎర్రమట్టి అంతా కారి కాలవలోకి పోయింది.

నార్త్ సిడ్నీలో దిగేసరికి మళ్లీ సాయంత్రమే. కేప్ బ్రెటన్ కొండల్లోనూ మూస్‌లున్నాయి. ఇల్లు నాలుగున్నర గంటలు. ఈసారి ఎవరూ ఫోన్ చూడలేదు, ఎవరూ లెక్కలు వేయలేదు. పది నిమిషాల దూరంలో క్యాంపు ఉంటే 42 డాలర్లు కట్టి ఆగిపోయాం. జామ్ రొట్టెకు రాసుకుని తిన్నాం, పుల్లగా మామిడి తాండ్రలా ఉంది.

పొద్దున లేచి చూస్తే నాన్న కారునీ ట్రైలర్‌నీ కలిపే కొక్కెం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు, చేతిలో ప్లగ్గు.

"అమ్మా, నీ గోళ్ల ఆకురాయి ఒకసారి ఇటియ్యి" అన్నారు.